చాకీ గదిలో కరెంటు హీటరు: వైరింగు జాగ్రత్తలు



హోసూరు, దేన్‌కనికోట, ములబాగలు, చింతామణి పక్కల డిసెంబరు, జనవరి రాత్రుల చలి సంగతి మీకు చెప్పనక్కరలేదు. చాకీ పురుగులకు 26 నుండి 28 డిగ్రీల వేడి, 80 నుండి 90 శాతం తేమ కావాలి. వేడి తగ్గితే పురుగులు ఆకు సరిగా తినవు, జ్వరానికి ఆలస్యంగా కూర్చుంటాయి, ఒకే తట్టలో చిన్నవీ పెద్దవీ కలిసిపోతాయి. అందుకే మన పెద్దలు బొగ్గుల కుంపటి పెట్టేవారు. కాని తలుపులు మూసిన గదిలో కుంపటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. పురుగుల మాట అటుంచి, కాపలాకు అక్కడే పడుకునే మనిషికి ప్రాణాపాయం. ఆ లెక్కన హీటరే మేలు, సరిగ్గా బిగిస్తే.

ఒక చలికాలం ఒక రైతు ఇంటికి వెళ్ళాను. 2000 వాట్ల హీటరుకు ఫ్యాను ప్లగ్గులోంచి కరెంటు తీశారు. వైరు వెచ్చగా ఉంది, ప్లగ్గు నల్లబడింది. పక్కనే తట్టల మీద పారఫిన్ కాగితం. “రెండు పంటలు తీశాను సార్, ఏమీ కాలేదు” అన్నారాయన. కాకపోవడం ఆయన అదృష్టం.

లెక్క చూడండి. 230 వోల్టుల మీద 2000 వాట్ల హీటరు సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను, లైటు ప్లగ్గు 5 లేక 6 ఆంపియర్లకే తయారైనది. కనుక హీటరుకు మెయిన్ బోర్డు నుండి విడిగా లైను వేయించాలి: 4 చదరపు మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల ఎం.సి.బి., 16 ఆంపియర్ల త్రీపిన్ పవర్ ప్లగ్గు. మధ్యలో అతుకులు ఉండరాదు. స్విచ్చు ఫేజు వైరులోనే ఉండాలి. ఒక్క బల్బుకని ఇచ్చిన పాత కనెక్షన్ మీద హీటరు వేయరాదు. ముందు లోడు పెంచమని విద్యుత్ కార్యాలయంలో అర్జీ పెట్టుకోండి. ఈ పనంతా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. మోటారు బిగించే కుర్రవాడు చేస్తానన్నా ఒప్పుకోకండి.

చాకీ గది మామూలు గది కాదు. తడి గోనె పట్టాలు, తడి ఫోము, తడి నేల, దాని మీద మన వట్టి కాళ్ళు. హీటరు డొక్కుకు కరెంటు దిగితే తాకినవారి ప్రాణం పోతుంది. కాబట్టి ఎర్తు తప్పనిసరి. గోడకు 5 అడుగుల దూరంలో, 2.5 మీటర్ల పొడవు, 40 మి.మీ. జి.ఐ. పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, ఎండాకాలంలో నీళ్ళు పోస్తుండాలి. బోరు పైపుకు ఎర్తు కట్టరాదు. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించి, నెలకోసారి దాని పరీక్ష బటను నొక్కి చూడండి. పడిపోకపోతే అది చెడినట్టే.

బోర్డు గది బయట ఉండడం మంచిది. బ్లీచింగ్ పౌడరు రాగిని, స్క్రూలను తినేస్తుంది. మందు చల్లేటప్పుడు మెయిన్ ఆపి, హీటరు బయట పెట్టండి.

రాత్రి వోల్టేజి 180కి పడితే 2000 వాట్ల హీటరు సుమారు 1200 వాట్ల వేడే ఇస్తుంది. చాలలేదని అదే ప్లగ్గుకు రెండో హీటరు తగిలిస్తారు. అర్ధరాత్రి వోల్టేజి పెరిగాక రెండూ కలిసి 17 ఆంపియర్లు దాటుతాయి. ఫ్యూజు పోతోందని లావు తీగ కట్టేవారూ ఉన్నారు. అలా చేస్తే ఫ్యూజుకు బదులు ఇంటి వైరే కాలుతుంది.

హీటరును తట్టలకు, కాగితానికి 3 అడుగుల దూరంలో నేల మీద ఉంచండి. థర్మోస్టాటు పురుగులున్న ఎత్తులో ఉండాలి. వేడి పెరిగేకొద్దీ గాలి ఆరిపోతుంది, కనుక తడి బల్బు థర్మామీటరు కూడా చూస్తుండాలి. 27 డిగ్రీల దగ్గర తడి బల్బు 25 చూపిస్తే తేమ సుమారు 85 శాతం. జ్వరానికి కూర్చున్నప్పుడు తడి పట్టాలు, ఫోము తీసివేసి కాస్త గాలి ఆడనివ్వండి.

గుడ్లు తెచ్చుకోవడానికి నాలుగు రోజుల ముందే ఖాళీ గదిలో హీటరు వెలిగించండి. గంట తరువాత స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, పొడి చేత్తో తాకి చూడండి. చేయి ఆనలేనంత వేడెక్కితే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.