కత్తి మీద ముద్ర

సైకిలుకు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ కత్తులకు సానపట్టే మనిషిని మనమందరం చూసినవాళ్లమే. మన కళ్లన్నీ నిప్పురవ్వల మీదే ఉంటాయి. రాయి నుంచి లేచే దుమ్మును ఎవరమూ పట్టించుకోం. చరిత్రలో ఆ రెండూ ఒకేచోట కనిపించే ఊరు ఒకటుంది. అది ఇంగ్లండులోని షెఫీల్డు.

ఆ ఊరి పక్కన స్టానింగ్టన్ గ్రామంలో 18వ శతాబ్దంలో కత్తులు చేసుకుని బతికిన కుటుంబం వోస్టెన్‌హోమ్‌లది. ఆ వంశంలో 1800లో పుట్టిన జార్జి వోస్టెన్‌హోమ్ అమెరికా మీద కన్నువేశాడు. ఓడలెక్కి అనేకసార్లు అట్లాంటిక్ దాటి, తానే ఊరూరా తిరిగి ఆర్డర్లు తెచ్చుకున్నాడు. జేబుకత్తులు, మంగలి కత్తులు, వేటగాళ్ల బౌయీ కత్తులు అన్నీ పంపాడు. బౌయీ కత్తి అంటే పక్కా అమెరికా సరుకనుకుంటాం గానీ, వాటిలో ఎన్నో షెఫీల్డులోనే తయారయ్యేవి! ఆయన సరుకు మీద ఐ, ఎక్స్, ఎల్ అని మూడక్షరాల ముద్ర ఉండేది. కలిపి చదివితే ఇంగ్లీషులో ‘నేనే మిన్న’ అని వినిపిస్తుంది. 1848లో తన కర్మాగారానికి వాషింగ్టన్ వర్క్స్ అని పేరు పెట్టాడు. కొనేవాడి దేశాధ్యక్షుడి పేరన్నమాట. గడుసువాడే.

ఇక దుమ్ము సంగతి. షెఫీల్డులో సానపట్టేవాళ్లు చాలామంది తిరుగుడు రాయి ముందు చోటును అద్దెకు తీసుకుని, దాని మీదికి వంగి పనిచేసేవారు. ఫోర్కుల వంటివాటికి నీళ్లు తగలకుండా పొడిరాయి మీదే సానపట్టాలి. రాతిపొడి, ఉక్కుపొడి ఊపిరితిత్తుల్లోకి పోయేవి. అక్కడి డాక్టరు నైట్ లెక్క ప్రకారం పొడిరాయి పనివాళ్ల సగటు ఆయుష్షు 35 ఏళ్లు కూడా కష్టమే. తడిరాయి వాళ్లు 45 దాటడం అరుదు. ఎంగెల్స్ 1845లో అచ్చయిన తన పుస్తకంలో ఈ లెక్క ఎత్తి చూపాడు.

మమ్మల్ని ఆపేసిన విషయం మరొకటి. దుమ్మును అడ్డుకునే పరికరాలు వచ్చాయి. పనివాళ్లలోనే కొందరు వాటిని వద్దన్నారు, అక్కడక్కడ పగలగొట్టారు కూడా. ప్రాణభయం పోతే ఈ పనిలోకి ఇంకా ఎంతోమంది వస్తారు, కూలి పడిపోతుంది అని వాళ్ల భయం. వాళ్లను తెలివితక్కువవాళ్లనడానికి మాకు నోరు రాలేదు. కూలి మీద బతికే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం.

జార్జి 1876లో చనిపోయాడు. 1890లో అమెరికా మెకిన్లీ చట్టంతో దిగుమతి సుంకాలు బాగా పెంచేసరికి షెఫీల్డు కత్తుల వ్యాపారం గట్టి దెబ్బ తింది. ఊరి అంచున కెన్‌వుడ్‌లో ఆయన కట్టించుకున్న పెద్ద ఇల్లు తర్వాత హోటలయింది. ఆ ముద్ర ఉన్న పాత కత్తులను ఇప్పటికీ సేకరించి దాచుకునేవాళ్లున్నారు. వాటికి సానపట్టిన మనిషి పేరు మాత్రం ఏ కత్తి మీదా ఉండదు.