స్ప్రే గన్: వాడుక, సంరక్షణ, ఆరోగ్యము

లారీల బాడీలు కట్టు షెడ్లలోను, కార్లు మరమ్మతు చేయు చోట్లను, ఇనుప బీరువాలు తయారగు కర్మాగారములలోను కుంచెకు బదులుగా గాలి బలముతో రంగు చిమ్ము స్ప్రే గన్ సర్వసాధారణమైన పనిముట్టు. దీని పుట్టుక వైద్యమునకు సంబంధించినదే. 19వ శతాబ్దము చివర అమెరికాలోని టొలీడో నగరమందు ఆలెన్ డివిల్బిస్ అను వైద్యుడు రోగుల గొంతులోనికి మందును సన్నని తుంపరగా చిమ్ముటకు ఒక పరికరమును నిర్మించెను. అతని కుమారుడు థామస్ ఆ సూత్రము ననుసరించియే 1907లో రంగు చిమ్ము గన్‌ను రూపొందించెను. గొంతునకు మందు చేర్చిన ఉపాయమే, ఏమరుపాటున వాడినచో, ఊపిరితిత్తులకు విషమును చేర్చగలదు. కావున గన్‌ను సరిగా వాడుట, శుభ్రముగా నుంచుట పనితనమునకే గాక ఆరోగ్యరక్షణకును అవసరము.

గన్ పనిచేయు విధము

కంప్రెసర్ గాలిని అదిమి టాంకులో నిలువచేయును. గన్ ట్రిగ్గరును కొంచెము నొక్కగా మొదట గాలి మాత్రమే వచ్చును. మరికొంత నొక్కినప్పుడు లోపలి సూది వెనుకకు జరిగి రంగు బయటికి వచ్చును. ముందుభాగమున నున్న ఎయిర్ క్యాప్ రంధ్రముల నుండి వచ్చు గాలి ఆ రంగును సన్నని తుంపరలుగా చీల్చును.

ఈ తుంపరలన్నియు వస్తువుపై నిలువవు. పాత తరహా గన్‌తో చిమ్మిన రంగులో సగమునకు పైగా గాలిలో కలసిపోవుట సాధారణము. తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలిని పంపు కొత్త తరహా గన్‌లలో ఎయిర్ క్యాప్ వద్ద ఒత్తిడి చదరపు అంగుళమునకు 10 పౌండ్లు మించదు. వీటి వలన రంగు వృథా తగ్గును, పనివాడు పీల్చు పొగమంచును తగ్గును.

ఆ పొగమంచులో నుండునవి

థిన్నర్ ఆవిరి వలన తలనొప్పి, కండ్లు తిరుగుట, మైకము కలుగును. ఏండ్ల తరబడి పీల్చినచో మెదడు, నరములు దెబ్బతినును. కొన్ని పసుపు, నారింజ రంగులలో సీసము ఉండును. ఇది రక్తహీనతను, కడుపునొప్పిని, నరముల బలహీనతను తెచ్చును. పని బట్టలకు అంటి ఇంటికి చేరిన సీసపు దుమ్ము పిల్లల బుద్ధి వికాసమునకు హానికరము. భారతదేశమున ఇండ్లకు, అలంకరణకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. కాని పరిశ్రమలలో వాడు రంగులకు ఈ నియమము వర్తించదు.

హార్డెనర్ కలిపి వాడు పాలియురెథేన్ రంగులలోని ఐసోసైనేట్ ఉబ్బసమును కలిగించును. ఒకసారి శరీరమునకు అది పడకపోయిన పిమ్మట, అత్యల్ప పరిమాణమే ఆయాసమును తెచ్చును. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1989లోనే పెయింటరు వృత్తిని కాన్సరు కలిగించు వాటి మొదటి తరగతిలో చేర్చినది.

చిమ్మునప్పుడు

గన్‌ను వస్తువునకు 15 నుండి 20 సెంటీమీటర్ల దూరమున, దానికి ఎదురుగా నిటారుగా పట్టవలెను. చేతిని విల్లువలె త్రిప్పక, ఒకే దూరమున నేరుగా జరుపవలెను. ప్రతి వరుసయు ముందటి వరుసను సగము వరకు కప్పవలెను. రంగు సరిగా చీలుటకు చాలినంత ఒత్తిడియే పెట్టవలెను. గన్‌ను మనుష్యుల వైపు ఎన్నడును చూపరాదు.

స్వచ్ఛమైన గాలి పనివాని వెనుకనుండి వచ్చి, మంచును ఎదుటికి కొనిపోవునట్లు ఫ్యాను అమర్చవలెను. ముక్కునకు కట్టిన రుమాలు ఆవిరిని ఆపదు. థిన్నర్ ఆవిరికి బొగ్గు వడపోత గల మాస్కు కావలెను. హార్డెనర్ గల రంగులకు వేరొక చోటి నుండి గొట్టము ద్వారా శుద్ధమైన గాలి నందించు మాస్కు కావలెను. ఏలయన ఐసోసైనేట్ హాని చేయు స్థాయిలోనున్నను వాసన తెలియకపోవచ్చును. రంగు వేయు చోట బీడీ, స్టవ్వు, నిప్పు ఉండరాదు.

శుభ్రపరచుట

రంధ్రములు మూసికొని పోయిన గన్‌తో పని సాగక, పనివాడు ఒత్తిడి పెంచును. అందుచే మంచు పెరిగి, అది ఊపిరిలో చేరును. కనుక పని ముగిసిన వెంటనే కప్పులో మిగిలిన రంగును తీసివేసి, కొద్దిగా థిన్నర్ పోసి, తక్కువ ఒత్తిడితో ఒక పాత్రలోనికి చిమ్మవలెను. గాలిలోనికి చిమ్మరాదు. పిమ్మట గాలి గొట్టమును వేరుచేసి, ఒత్తిడి పోయిన తరువాతనే భాగములను విప్పవలెను.

ఎయిర్ క్యాప్‌ను థిన్నర్‌లో నానబెట్టి, మెత్తని బ్రష్షుతోను, కర్రపుల్లతోను శుభ్రపరచవలెను. ఇనుప తీగతో పొడిచినచో రంధ్రములు చెడి, రంగు ఒక ప్రక్కకే పడును. మొత్తము గన్‌ను థిన్నర్‌లో ముంచరాదు. ముంచినచో లోపలి ప్యాకింగులు ఎండి రంగు కారును. ట్రిగ్గరు కీలునకు, సూది ప్యాకింగునకు ఒక్కొక్క బొట్టు సిలికోన్ లేని నూనె వేయవలెను. కంప్రెసర్ టాంకులో చేరిన నీటిని ప్రతిదినము వదలివేయవలెను. ఈ పనులన్నింటికి చేతితొడుగులు ధరించవలెను. చేతులను థిన్నర్‌తో గాక సబ్బుతో కడుగుకొనవలెను.

వైద్యుని వద్దకు

పని చేయునప్పుడు గాని, ఆ రాత్రి గాని దగ్గు, ఆయాసము, ఛాతీ బిగుసుకొనుట కలిగినచో ఆలస్యము చేయరాదు. వైద్యునికి తన వృత్తిని తెలిపి, రంగు డబ్బాపై నున్న పేరును చూపవలెను. సెలవు దినములందు ఆయాసము తగ్గి, పనిలోనికి వెళ్లగానే తిరిగి వచ్చుచున్నచో ఆ సంగతి తప్పక చెప్పవలెను. వ్యాధి మూలము కనుగొనుటకు వైద్యునికి అదియే ముఖ్యమైన ఆధారము.