నేర్పిన గంటకు జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: కిడ్నీ విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. వారంలో నాలుగు రోజులు క్లినిక్‌కే సరిపోతుంది. ఐదుగురు జూనియర్ల పేపర్లు దిద్దడం రాత్రి పదకొండు దాటాకే. చేతిలో ఒక ఆర్-01 పరిశోధన ప్రాజెక్టు గ్రాంటు నడుస్తోంది. కే-24 గ్రాంటుకు కూడా రాయమంటున్నారు. అంత శ్రమ దండగేమో?
– హ్యూస్టన్

జవాబు: ఈ ఉత్తరంలో మనసును మెలిపెట్టే మాట ఒకటుంది: రాత్రి పదకొండు. పేషెంటును చూసిన గంటకు బిల్లు ఉంటుంది. పరిశోధన చేసిన గంట గ్రాంటు లెక్కలోకి వస్తుంది. జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పట్టిక ఎందుకు తప్పో చెప్పిన గంట ఏ లెక్కలోకీ రాదు. అది నిద్రలోంచి కోసుకోవాల్సిందే.

అమెరికాకు ఈ సంగతి తెలియక కాదు. పేషెంట్ల మధ్య ఉండి పరిశోధించే డాక్టరు అంతరించిపోయే జీవిలా తయారవుతున్నాడని జేమ్స్ విన్‌గార్డెన్ 1979లోనే హెచ్చరించారు. తర్వాత ఆయనే అక్కడ వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌కు డైరెక్టరయ్యారు. అయినా విషయం కదలడానికి చాలా ఏళ్లు పట్టింది. డేవిడ్ నేథన్ అధ్యక్షతన ఎన్‌ఐహెచ్ వేసిన సంఘం 1997లో నివేదిక ఇచ్చాకే కే-23, కే-24 గ్రాంట్లు పుట్టాయి. మొదటిది మెంటార్ కింద నేర్చుకునే యువ డాక్టరుకు. రెండోది ఆ మెంటార్‌కు.

కాబట్టి కే-24ను మరో ప్రాజెక్టు గ్రాంటు అనుకుంటే పొరపాటే. అది ముఖ్యంగా సమయాన్ని కొనిపెడుతుంది. పనివేళల్లో 25 నుంచి 50 శాతం దాకా పరిశోధనకూ, నేర్పడానికీ కేటాయించాలి. 3 నుంచి 5 ఏళ్లు ఉంటుంది, ఇంకొక్కసారి పొడిగించుకోవచ్చు. అయితే జీతంలో ఎన్‌ఐహెచ్ భరించేదానికి ఒక పరిమితి ఉంది. స్పెషలిస్టు డాక్టరు జీతం దాన్ని దాటితే ఆ తేడాను ఆసుపత్రే పెట్టుకోవాలి.

అందుకే దరఖాస్తులో మొదటి వాక్యం రాయకముందే విభాగాధిపతి గది తలుపు తట్టాలి. ఏ పూట క్లినిక్ రద్దవుతుంది? ఆ పేషెంట్లను ఎవరు చూస్తారు? జవాబు కాగితం మీద, సంతకంతో కావాలి. 'చూద్దాంలే డాక్టర్' అన్న మాట చాలదు. నాలుగు రోజుల క్లినిక్ అలాగే ఉండి పైన కే-24 వచ్చి పడితే, రాత్రి పదకొండు కాస్తా రెండవుతుంది. ఈ కాగితం అడగడానికి మన డాక్టర్లు పడే మొహమాటం ఇంతా అంతా కాదు. మానుకోవాలి!

ఇక 'ఇరవై మందికి నేర్పాను' అని రాసినంత మాత్రాన పరిశీలకులు కదలరు. ఆ ఇరవై మంది ఇప్పుడు ఎక్కడున్నారు, ఎవరికి సొంతంగా కే-23 వచ్చింది, ఎన్ని పేపర్లలో జూనియర్ పేరు ముందుంది అని చూస్తారు. ప్రతి పేపర్లోనూ సీనియర్ పేరే ముందుంటే, అక్కడ నేర్పడం జరగలేదు, చాకిరీ జరిగింది.

హ్యూస్టన్ డాక్టరుగారి విషయంలో దండగన్న మాటే లేదు. కే-24 కావాలంటే సొంత పరిశోధనకు పోటీలో నెగ్గి తెచ్చుకున్న నిధులు ఉండాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నది ఇందుకే. ఆర్-01 గడువు ముగిశాక రాయబోతే ఆలస్యమైపోతుంది. ఎన్‌ఐహెచ్‌లో అన్ని ఇన్‌స్టిట్యూట్లూ కే-24 ఇవ్వవు. ముందుగా ప్రోగ్రామ్ ఆఫీసరుకు ఒక మెయిలు రాసి కనుక్కోవాలి.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నవాళ్లు కే-24కి రాయవచ్చా?
– డెట్రాయిట్

జవాబు: గ్రాంటు చేతికొచ్చే వేళకు గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండాల్సిందే. ఆర్-01కి ఆ షరతు లేదు.

ప్రశ్న: ప్రభుత్వ వైద్య కళాశాలలో ప్రొఫెసర్‌ని. మన దగ్గర ఇలాంటిది ఉందా?
– వరంగల్

జవాబు: అచ్చంగా నేర్పేవారి సమయం కోసమే పెట్టినది కాదు గానీ, దగ్గరి చుట్టం లాంటిది హైదరాబాద్‌లోనే ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఇక్కడి నుంచే పనిచేస్తుంది. డాక్టర్లకూ, ప్రజారోగ్య పరిశోధకులకూ తొలి, మధ్య దశల్లో ఫెలోషిప్‌లు ఇస్తుంది.

అసలు లోటు వేరేచోట ఉంది. ఎండీ, ఎంఎస్ చేసే ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి, ప్రతి థీసిస్‌కూ గైడ్ ఉండాలి. మరి ఆ గైడ్‌కు వారంలో ఒక్క పూటైనా ఓపీ నుంచి విడుపు ఉందా? ఓపీ ముగిసి కుర్చీలోంచి లేవబోతుంటే, విద్యార్థి థీసిస్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఆ స్థితిలో దిద్దిన థీసిస్ ఎలా ఉంటుందో గైడ్‌లకు తెలుసు. నిధులడిగే ముందు ఆ ఒక్క పూటను టైమ్‌టేబుల్లో రాయించుకోవాలి. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

ప్రశ్న: మా సీనియర్ తన కే-24 దరఖాస్తులో నా పేరు రాశారు. గ్రాంటు వచ్చి ఏడాదైంది. కూర్చుని మాట్లాడింది రెండుసార్లే.
– పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: ఆ సీనియర్‌కు ఈ జూనియర్ కోసం కేటాయించిన గంటలకు జీతం అందుతోంది. కాబట్టి అడగడం అమర్యాద కాదు. పక్షానికో గంట చొప్పున వచ్చే మూడు నెలల తేదీలతో, ఏ రోజు ఏ పని చూపిస్తారో రాసి, మర్యాదగా ఒక మెయిలు పంపాలి. ఏటా ఎన్‌ఐహెచ్‌కు పంపే ప్రగతి నివేదికలో ఎవరెవరికి నేర్పారో సీనియర్ రాయాలి. ఆ నివేదిక తయారయ్యే నెలకు ముందే ఈ మెయిలు ఆయనకు చేరితే మంచిది.