మర తిప్పకుండా బిగిసే జోడింపులు: చమురు బావి దగ్గర చేతివేళ్ల సంగతి

ఈసారి విజ్ఞాన శీర్షికలో పైపులను, పనిముట్లను ఒకదానికొకటి ఎలా జోడిస్తారో వ్రాస్తున్నాను. ఇదేం పాఠం, పైపు బిగించడం కూడా ఒక చదువా అని మనలో కొందరు నవ్వవచ్చు. కాని చమురు బావుల దగ్గర పనివాళ్ల వేళ్లు ఎక్కువగా నలిగేది ఈ జోడింపుల దగ్గరే. అందుకని కాస్త ఓపికగా చదవండి.

మొదట మనకు తెలిసిన చేతిపంపుతో మొదలుపెడదాం. ఇండియా మార్క్-2 పంపు చెడిపోతే మెకానిక్ వచ్చి పైపులు పైకి లాగుతాడు కదా. ఒక్కో పైపు 3 మీటర్లు ఉంటుంది. ఒక పైపు పైకి రాగానే కింది పైపును క్లాంపుతో పట్టి ఉంచి, పై పైపును రెంచితో విప్పుతాడు. క్లాంపు జారిందా, ఇక అంతే, పైపులన్నీ బోరులోకి పోతాయి. చుట్టూ చేరిన పిల్లల్ని "దూరం పోండి" అని కసరడం అందుకే.

చమురు బావి దగ్గర కూడా ఇదే పని. కాకపోతే లెక్క వేరు. బావి లోతు 3000 మీటర్లు అనుకోండి. డ్రిల్ పైపు ఒక్కొక్కటి సుమారు 9.5 మీటర్లు. భాగిస్తే 316 పైపులు వస్తాయి. ఒక్కో పైపు బరువు 300 కిలోల దాకా ఉంటుంది. అన్నీ విడివిడిగా విప్పితే పొద్దు చాలదు. అందుకని మూడు పైపుల్ని కలిపే ఉంచి, ఎత్తైన డెరిక్‌లో నిలబెడతారు. అయినా సుమారు 105 సార్లు విప్పాలి. కింద బిట్టు అరిగిపోయిందని బయటికి తీసి, కొత్తది బిగించి మళ్లీ దింపాలంటే ఇంకో 105 సార్లు బిగించాలి. మొత్తం 210 సార్లు. ప్రతిసారీ మనిషి ఇనుము దగ్గరికి పోవాలి.

పైపు కింది కొసన మర బయటికి ఉంటుంది, దాన్ని పిన్ను అంటారు. పై కొసన మర లోపలికి ఉంటుంది, దాన్ని బాక్సు అంటారు. మర గరాటులాగా ఏటవాలుగా ఉంటుంది కనుక కొద్ది చుట్లకే కూర్చుంటుంది. తర్వాత గట్టిగా బిగించాలి. ఎంత గట్టిగా? ఎనిమిదో తరగతి పిల్లలూ ఈ లెక్క చేయవచ్చు. 1 మీటరు పొడవున్న రెంచి కొసన 50 కిలోల మనిషి తన బరువంతా వేస్తే 500 న్యూటన్ మీటర్ల తిప్పుబలం వస్తుంది. పెద్ద డ్రిల్ పైపు జోడింపుకు సుమారు 30,000 కావాలి. అంటే ఒకే రెంచి కొసన 60 మంది వేలాడాలి! అది జరిగే పని కాదు గనుక టాంగులు అనే పెద్ద పట్టుకార్లను పైపుకు తగిలించి, ఇంజను బలంతో లాగుతారు. వెనకటి పద్ధతిలో మొదటి చుట్లు తిప్పడానికి పైపు చుట్టూ గొలుసు విసిరి, ఇంజనుతో లాగేవారు. ఆ గొలుసుకూ పైపుకూ మధ్య వేలు పడితే వేలు ఉండదు. టాంగు తాడు తెగితే అది తిరిగే దారిలో ఉన్న మనిషి పని అంతే. తర్వాత కాలంలో ఈ పనికి యంత్రాలు వచ్చాయి. వాటికి 'ఐరన్ రఫ్‌నెక్' అని పేరు. రఫ్‌నెక్ అంటే రిగ్గు మీద పనిచేసే కూలి. ఇనుప కూలి అన్నమాట. పేరు బాగా పెట్టారు.

ఇంతవరకు పైపుల సంగతి. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

బావి తవ్వాక లోపల ఏ పొరలో నీరుంది, ఏ పొరలో చమురుంది, గ్యాస్ ఉందా అని చూడాలి. దానికి సన్నని పొడవాటి గొట్టాల్లో మీటర్లు పెట్టి, వైరు కట్టి దింపుతారు. మొట్టమొదట ఈ విధంగా కరెంటుతో బావిని కొలిచింది 1927 సెప్టెంబరు 5న, ఫ్రాన్సు దేశంలో పెషెల్‌బ్రాన్ అనే చోట, ష్లుంబెర్జే అన్నదమ్ముల బృందం. ఇప్పుడు అలాంటి పనిముట్లు ఐదారు కలిపి ఒకే దండలాగా దింపుతారు. తర్వాత బావి గోడకు దింపిన ఇనుప గొట్టానికి చమురు వచ్చే చోట చిల్లులు పెట్టడానికి పేలుడు మందు ఉన్న 'గన్నులు' దింపుతారు.

ఈ పనిముట్లను మామూలు మరతో బిగిస్తే చిక్కులున్నాయి. ఒకటి, లోపల కరెంటు పిన్నులుంటాయి. మన టార్చిలైటు మూత తిప్పినట్లు మొత్తం పనిముట్టును తిప్పితే ఆ పిన్నులు విరిగి, వైర్లు మెలికపడతాయి. అందుకని పనిముట్టు కదలకుండా, చుట్టూ ఉన్న రింగు మాత్రమే తిరిగేటట్లు చేశారు. ట్యాపు కింద గొట్టం బిగించే నట్టు చూశారా, గొట్టం తిరగదు, నట్టు తిరుగుతుంది. అదే ఉపాయం. రెండు, బరువైన గన్ను పైనుంచి వేలాడుతూ ఊగుతూ ఉంటే, కింద బావి నోరు తెరుచుకుని ఉంటే, మధ్యలో మనిషి రెండు చేతులతో మర పొసగించి తిప్పుతూ నిలబడాలి. మర అడ్డంగా పడితే మళ్లీ విప్పాలి. చేతిలోని స్పానరు జారి బావిలో పడితే? దాన్ని తీయడానికి రోజులు పట్టవచ్చు. ఆ వెతుకులాటను రిగ్గు మీద 'ఫిషింగ్' అంటారు, పడిపోయిన వస్తువును 'చేప' అంటారు. మన వాగులో చేపలు పట్టడం కంటే చాలా ఖరీదైన వేట.

మూడోది సమయం. ఈ పనిముట్లు దింపేటప్పుడు బావిలో డ్రిల్ పైపు ఉండదు. లోపలి గ్యాస్ ఎదురు తిరిగితే కింది నుంచి బరువైన బురద పంపి అణచడానికి దారి ఉండదు. కాబట్టి బావిని ఆ స్థితిలో ఎంత తక్కువసేపు ఉంచితే అంత మంచిది. గ్యాస్ ఎదురు తిరగడం అంటే ఏమిటో మన రాష్ట్రంలో పెద్దవాళ్లకు బాగా తెలుసు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. బావిలో గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అక్కడ తప్పు జోడింపులది అని నేను అనడం లేదు. బావి ఎంత బలమైనదో చెప్పడానికి వ్రాశాను.

ఈ చిక్కుల వల్ల త్వరగా బిగిసే కప్లింగులు వచ్చాయి. ఇవి ఏదో విదేశీ మాయ అనుకోవద్దు. నమూనాలు మన హాస్టల్‌లోనే ఉన్నాయి.

మొదటిది మన స్టడీ హాలు బల్బు హోల్డరు. బల్బు మెడకు రెండు బొడిపెలు, హోల్డరుకు వంకర గాడి. బల్బును లోపలికి నొక్కి, కొంచెం తిప్పి వదిలితే స్ప్రింగు వెనక్కి తోసి బొడిపెను గాడి చివర గుంటలో కూర్చోబెడుతుంది. తుపాకీ కొసకు బాకు తగిలించే పద్ధతి ఇదే గనుక దీన్ని బాయొనెట్ అంటారు. చమురు బావిలో దీని పేరు జె-స్లాట్, ఎందుకంటే గాడి ఇంగ్లీషు 'జె' అక్షరంలా ఉంటుంది. బావిలో స్ప్రింగు చేసే పనిని కింద వేలాడే బరువే చేస్తుంది. బరువు కిందికి లాగుతున్నంతసేపు బొడిపె గుంటలోంచి రాదు. విప్పాలంటే ముందు బరువు తీసి, నొక్కి, తర్వాత తిప్పాలి. నా మటుకు నాకు అన్నిటికంటే ఇదే తెలివైనది అనిపిస్తుంది. అయితే ఇందులోనూ లోపం ఉంది. దిగే దారిలో పనిముట్టు దేనికైనా తట్టుకుంటే కింది బరువు పోతుంది, ఆ సమయంలో మెలిక కూడా తోడైతే జోడింపు ఊడవచ్చు. అందుకని అడ్డంగా ఒక పిన్నో, రెండో తాళమో పెడతారు.

రెండోది వంటగదిలోని గ్యాస్ రెగ్యులేటరు. కింది నల్ల రింగు పైకి లాగి, సిలిండరు మూతి మీద పెట్టి వదిలితే 'టక్' మంటుంది. రింగు లోపల చిన్న ఉక్కు గోళీలు ఉంటాయి. రింగు కిందికి దిగగానే అవి మూతి చుట్టూ ఉన్న గాడిలోకి పోయి బిగుసుకుంటాయి. రింగు పైకెత్తితేనే అవి వెనక్కి జరుగుతాయి. బావి పనిముట్లలో గోళీలకు బదులు లావు ఉక్కు ముక్కలు వాడతారు. రెంచి అక్కరలేదు, టక్‌మంటే కూర్చున్నట్లు.

మూడోది పెన్ను మూత. లోపలికి నొక్కితే కొద్దిగా వ్యాకోచించి, గట్టును దాటగానే పట్టుకుంటుంది. పొడవాటి ఉక్కు వేళ్లతో ఇట్లాంటిదే చేస్తారు. దాన్ని కాలెట్ అంటారు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

గన్నుల విషయంలో ఈ కప్లింగుల వల్ల మరీ మేలు జరిగింది. పేలుడు మందు దగ్గర మనిషి ఎంత తక్కువసేపుంటే అంత మంచిది గదా. డిటోనేటరు కలిపే వేళ చుట్టుపక్కల వైర్‌లెస్ సెట్లు, సెల్‌ఫోన్లు ఆపుతారు, వెల్డింగు మాన్పిస్తారు. బావిలో ఒత్తిడి ఉండగానే పొడవాటి గన్నును ముక్కలుగా దింపవలసి వస్తే, మూసి ఉన్న గదిలాంటి గొట్టం లోపలే బయటినుంచి నడిపే పట్టుకార్లతో ఒక ముక్కను ఇంకో ముక్కకు తగిలించే కప్లింగులు కూడా ఉన్నాయి. అక్కడ మనిషి చెయ్యి లోపలికి పోనే పోదు.

మరి డ్రిల్ పైపులకు కూడా బల్బు హోల్డరు పద్ధతే పెట్టవచ్చు కదా అని మా క్లాసులో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. డ్రిల్ పైపు లాగుడు ఒక్కటే కాదు, గంటల తరబడి తిప్పుడు కూడా మోయాలి. మర అయితే ఆ బలాన్ని చుట్టూ పంచుకుంటుంది. పైగా పైపు తిరిగే దిక్కు, మర బిగిసే దిక్కు ఒకటే కనుక పని జరుగుతున్నకొద్దీ ఊడదు. రెండు చిన్న బొడిపెల మీద అంత బలం పడితే అవి తెగిపోతాయి. వైరు మీద వేలాడే పనిముట్టుకు ఆ బాధ లేదు.

ఇంకో సంగతి మరచిపోయాను. జోడింపు పట్టుకుంటే చాలదు, లోపలికి చుక్క నీరు పోకూడదు. 10 మీటర్ల నీటి లోతుకు సుమారు 1 వాతావరణ పీడనం పెరుగుతుందని మాస్టారు చెప్పారు కదా. 3000 మీటర్ల దగ్గర 300. బురద నీటికంటే బరువు గనుక ఇంకా ఎక్కువే. దాదాపు 8.6 సెంటీమీటర్ల వ్యాసమున్న పనిముట్టు కొస మీద లెక్కవేస్తే 17 టన్నుల పైన నొక్కుడు. దీన్ని ఆపేది ఓ-రింగ్ అనే రబ్బరు గాజు. అక్కడ వేడి కూడా 100 డిగ్రీలు దాటవచ్చు, కాబట్టి మామూలు రబ్బరు పనికిరాదు. 1986 జనవరి 28న అమెరికా వారి ఛాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు చనిపోయారు. చలికి బిర్రుగా అయిన ఓ-రింగే కారణమని విచారణలో తేలింది. టక్‌మని శబ్దం వచ్చింది కదా అని రబ్బరు చూడకుండా వదిలేస్తే ఎలా?

ఇక మన ఊళ్ల సంగతి. సెలవుల్లో అన్నయ్యలు కొందరు బావులు తవ్వే చోట ట్రాక్టరు కంప్రెసరు దగ్గర పనికి పోతారు. ఆ గాలి గొట్టాల మధ్య రెండు పక్కలా కొక్కేలున్న కప్లింగు ఉంటుంది. పావు చుట్టు తిప్పితే తగులుకుంటుంది. ఇదీ త్వరగా బిగిసేదే. దానికి చిన్న చిల్లు ఉంటుంది, అందులో పిన్ను పెట్టాలి. పిన్ను పోతే చాలామంది అట్లాగే నడిపిస్తారు. గొట్టం మెలికపడి కొక్కెం జారితే, లోపల చదరపు సెంటీమీటరుకు 7 కిలోల గాలి ఉంటుంది గదా, గొట్టం పాములా లేచి కొడుతుంది. మా మేనమామ ఊళ్లో ఒకాయనకు అట్లా తగిలి కన్ను పోయింది. పనికి పోయే అన్నలారా, పిన్ను లేకపోతే ఇనుప తీగైనా కట్టమని మేస్త్రీతో చెప్పండి. రెండు గొట్టాలనూ కలిపి ఒక తాడు కడితే ఇంకా మంచిది. గాలి ఆపి, గొట్టంలో గాలంతా పోయాకనే కప్లింగు ముట్టుకోండి.

చివరగా ఒక ప్రశ్న. ఆఫ్రికాలో 1980లలో తయారైన అఫ్రిదేవ్ అనే చేతిపంపు ఉంది. దాని లోపలి రాడ్లకు మరలు లేవు. ఒక రాడ్డు కొసన కొక్కెం, ఇంకో దాని కొసన కన్ను. రాడ్డును పక్కకు వంచి తగిలిస్తారు, ఏ పనిముట్టూ అక్కరలేదు. పంపు కొట్టేటప్పుడు రాడ్డు రోజంతా పైకీ కిందికీ పోతూనే ఉంటుంది, అయినా కొక్కెం ఊడదు. ఎందుకు ఊడదు? రాడ్డు చుట్టూ ఏముందో ఆలోచించండి. జవాబు కాగితం మీద వ్రాసి, పేరు, తరగతి వేసి, గోడపత్రిక పక్కనున్న డబ్బాలో వేయండి.