నీళ్లు అను మాట: మారా నుండి నక్కవాగు వరకు

పాఠ్యభాగములు: నిర్గమకాండము 15:22–27, 2 రాజులు 2:19–22, యెహెజ్కేలు 47:1–12
కంఠస్థ వాక్యము: నిర్గమకాండము 15:26



ఏ మాటయు ఒంటరిగా నిలిచి తన అర్థమంతయు చెప్పజాలదు. దాని ప్రక్కనున్న మాటను బట్టియు, అది తిరిగి తిరిగి వచ్చు చోట్లను బట్టియు దాని అర్థము పెరుగును. గ్రంథము చదువువారికి ఈ రెండు సంగతులు తెలిసియుండుట ఎంతో మేలు గనుక, ఈ మాసపు పాఠములో వాటిని నేర్చుకొందము.

1. మాటకు తోడు

"మందు" అను మాటను తీసికొనుడి. బిళ్లతో చేరినప్పుడు అది రోగికి ఆరోగ్యము. పురుగుతో చేరినప్పుడు పైరుపై చల్లు విషము. పాతరతో చేరినప్పుడు ప్రాణము తీయునది. మాట ఒక్కటే, తోడు మారగా అర్థము మారినది.

అట్లే మనము త్రాగు నీటిని "మంచినీళ్లు" అందుము. ఇంటికి వచ్చినవారికి మొదట ఇచ్చునది అవే. ఆదికాండము మొదటి అధ్యాయములో మంచి అను మాట ఏడు మారులు వచ్చును. అందులో ఒకటి, దేవుడు నీళ్లను ఒకచోట కూర్చి ఆరిన నేలను కనబరచిన తరువాత వచ్చినది. ఈ సంగతి ఎరిగినవానికి "మంచినీళ్లు" అను ఇంటి మాట కూడ సృష్టి దినమును జ్ఞాపకము చేయును.

2. తిరిగి వచ్చు మాట

మన పల్లెలలో బతుకమ్మ చుట్టు స్త్రీలు పాడునప్పుడు పాదము పాదమునకు "ఉయ్యాలో" అని పలుకుదురు. ఒకరు ఎత్తుకొనగా అందరును అందుకొందురు. అక్షరము రానివారు సైతము పెద్ద కథను మరువక పాడుటకు ఆ పలుకే ఆసరా.

136వ కీర్తన చూడుడి. ఇరువది ఆరు వచనములు; ప్రతి వచనము చివర దేవుని కృపను గూర్చిన ఒకే పలుకు. ఇది విసుగు పుట్టించుటకు వ్రాసినది కాదు. కృప మొదట ఆకాశము ప్రక్కను, సూర్యచంద్రుల ప్రక్కను, తరువాత ఎర్రసముద్రము ప్రక్కను, తుదకు సమస్త జీవుల ఆహారము ప్రక్కను నిలుచును. పలుకు మారలేదు, దాని బరువు పెరిగినది. పాడువాడు చివరకు వచ్చుసరికి తన కంచములోని అన్నమును కూడ కృప అని పిలువ నేర్చును. అయితే తలంపు లేక నోటితో మాత్రము పలికినచో, చేతులు మారిన నాణెమువలె ఆ పలుకే అరిగిపోవును.

3. మారా నీళ్లు

ఇశ్రాయేలీయులు మూడు దినములు నీళ్లు లేక నడిచి, మారాలో నీళ్లు కనుగొనిరి, అవి త్రాగరానివి. మారా అనగా చేదు. రూతు గ్రంథములో భర్తను, కుమారులను పోగొట్టుకొనిన నయోమి ఆ మాటనే తనకు పేరుగా కోరుకొనెను. నీటి రుచి ఒక విధవరాలి బ్రదుకునకు పేరాయెను.

బావిలో నీళ్లు తోడుటను కూడ తెలుగులో చేదుట అందుము. ఈ పోలిక తెలుగు చెవికి ఇంపైనదే గాని హెబ్రీలో లేదు. కాబట్టి దానిమీద బోధ కట్టరాదు.

హెబ్రీలో నిజముగా ఉన్న కొలికి వేరొకటి కలదు. మారా యొద్ద దేవుడు తన్ను స్వస్థపరచువానిగా తెలియజేసికొనెను. అక్కడ వాడిన క్రియ "రాఫా". యెరికో నీటిని ఎలీషా బాగుచేసినప్పుడును అదే క్రియ. యెహెజ్కేలు దర్శనములో నది ప్రవహించి సముద్రపు నీరు బాగై చేపలు బ్రదుకునప్పుడును అదే. తెలుగులో స్వస్థపరచుట, బాగుచేయుట అని పలుకు మారుటవలన ఈ గొలుసు మనకు కనబడదు. మూడు భాగములను ఒకేసారి చదివినయెడల తెలియును: గ్రంథములో దేహమునకు రోగమున్నట్టే నీటికిని రోగమున్నది, స్వస్థత రెంటికిని చెందిన మాట.

4. మన నక్కవాగు

పటాన్‌చెరు అను పేరులోనే చెరువు ఉన్నది. 1970ల నుండి ఇక్కడ పారిశ్రామికవాడ పెరిగినది. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులోనికి, దాని ద్వారా మంజీర వైపునకు సాగినది. 1990లో ఈ కాలుష్యమును గూర్చి సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడెను. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధనలో, సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేయు ఇక్కడి కేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని తేలెను. ఆ మందు వాడు రోగి రక్తములో ఉండు మోతాదుకంటె అది ఎక్కువ. మందు తన తోడును విడిచి వాగులో చేరగా దాని అర్థమే మారిపోయినది.

మారా కథ చదివినప్పుడు వాగు ఒడ్డు పల్లెలవారు మమ్మును మొదట అడుగునది, "అయ్యగారూ, ఆ నీళ్లలో ఏమి కలిసినది?" అని. ఇది తప్పు ప్రశ్న కాదు. చేదును హృదయ దుఃఖమని మాత్రమే బోధించినచో వారి పొలమును, పశువును మనము విననట్టే. వాగును మాత్రమే చూచినచో నయోమి కన్నీరు మనకు వినబడదు. మాట రెంటిని మోయుచున్నది. మనమును రెంటిని మోయవలెను.

యెరికోవారు తమ పట్టణమున్న చోటు మంచిదనియు ఒప్పుకొనిరి, నీరు చెడ్డదనియు దాచక చెప్పిరి. మన పిల్లలలో అనేకులకు కూడు పెట్టునది ఆ కంపెనీలే. ఆ మేలును ఒప్పుకొనుచునే, నీటి సంగతిని ఉన్నదున్నట్లు చెప్పుట మనకును తగును. ఎలీషా ఉప్పు వేసినది ఇంటి కుండలో కాదు, ఊట యొద్దనే. చెడుగు ఎక్కడ పుట్టునో బాగుచేయుట అక్కడనే మొదలు కావలెను.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. 136వ కీర్తనలో కృప అను మాట ఏయే సంగతుల ప్రక్క నిలిచినది?
2. "నీళ్లు" అనగానే మీ ఊరి పెద్దలకు ఏమి జ్ఞాపకము వచ్చును? పిల్లలకు ఏమి జ్ఞాపకము వచ్చును? రెండును ఒకటేనా?
3. మీ ఊరిలో నీరు చెడినయెడల దాని ఊట ఎక్కడ? ఆ మాట ఎవరు, ఎవరితో చెప్పవలెను?