ఉమ్మెత్త ముచ్చట

చెల్లె, వానాకాలంలో తాండూరు దిక్కు పోతే కందిచేల గెట్ల మీద, నాపరాళ్ల గనుల పక్కన ఉమ్మెత్త విరగబూసి కనబడుతుంది. వినాయక చవితి ముందురోజు వికారాబాద్ బజారులో కొనే పత్రిలోనూ దాని ఆకు ఉండాల్సిందే. ఇరవై ఒక్క పత్రాల్లో దత్తూరమంటే అదే కదా. శివయ్యకైతే పువ్వూ కాయా రెండూ ఇష్టమే. దేవుని ముందు పెట్టి మొక్కుతం, పిల్లల చేతికి మాత్రం అందనియ్యం. మన అమ్మమ్మలు నేర్పిన ఈ జాగ్రత్త ఫోన్లు వచ్చినంక సడలిపోతున్నదని నాకు దిగులు.

కరోనా వచ్చిన కొత్తల, 2020 ఏప్రిల్‌లో, చిత్తూరు జిల్లాలో ఏమైందో గుర్తుందా? టిక్‌టాక్ వీడియో చూసి, రోగం రాదనుకొని ఉమ్మెత్త గింజల రసం తాగి పదిమంది దాకా దవాఖాన పాలయ్యారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, భయపడ్డవాళ్లు. ఆ భయం ఆనాడు మనందరికీ ఉంది.

ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపొలమిన్, హయోసయమిన్ అనే పదార్థాలుంటాయి. నరాలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో పంపే కబురును ఇవి మధ్యలోనే ఆపేస్తాయి. నోరు పిడచగట్టుకపోతుంది, కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, ఒళ్లు కాలిపోతుంది, చెమట రాదు, గుండె దడదడలాడుతుంది, మూత్రం ఆగిపోతుంది. మనిషి లేనివాళ్లతో మాట్లాడతాడు, గాలిలో ఏదో ఏరుతున్నట్టు వేళ్లాడిస్తాడు. కోలుకున్నాక అడిగితే చాలామందికి ఏదీ యాదికుండదు. మత్తు కోసమని దీన్ని ముట్టే పిల్లగాండ్లు దొరికేది సంతోషమనుకుంటే పొరపాటు. అది పిచ్చి భయం, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. పైగా ఏ చెట్టులో, ఏ కాయలో విషం ఎంతుందో చూసి చెప్పలేం. ఒకరికి ఏమీ కాని మోతాదు ఇంకొకరిని పడగొట్టొచ్చు.

అదే మొక్కను కొలత తెలిసినవాళ్లు పట్టుకుంటే ఎంత దూరం పోయిందో చూడు. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చడం మన నేల మీద పాత వైద్యం. 1802లో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఆ పద్ధతిని మద్రాసు నుంచి ఎడిన్‌బరోకు తీసుకపోయాడు. ఆ తర్వాత పాశ్చాత్య దేశాల్లో ఉబ్బసం సిగరెట్లు వందేండ్లకు పైగా అమ్ముడుపోయాయి. ఇప్పుడు ఆయాసంతో పోతే నెబ్యులైజర్‌లో వేసే ఇప్రట్రోపియం అట్రోపిన్ నుంచి తయారైన మందే, అదీ లెక్కగట్టిన మోతాదులో.

నా మనసును పట్టుకొని వదలనిది జపాన్ ముచ్చట. హనావోకా సెయిషూ అనే వైద్యుడు ఉమ్మెత్త, వసనాభి మొదలైనవి కలిపి, నొప్పి తెలియకుండా కోత కోసే మందు కోసం ఏండ్ల తరబడి తంటాలు పడ్డాడు. 1804 అక్టోబర్ 13న ఆ మందు ఇచ్చి, అరవై ఏండ్ల ఆడమనిషికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేశాడు. ఈథర్ మత్తుతో అమెరికాలో ఆపరేషన్ చేసి చూపించింది 1846లో, అంటే నలభై రెండేండ్ల తర్వాత. గొప్పే. కానీ ఆ మందును అంతకుముందు ఎవరి మీద పరీక్షించారో తెలుసా? ఆయన భార్య కాయే మీద. ఆమె చూపు పోయింది. వైద్యచరిత్ర రాసేటప్పుడు ఆమె పేరు ఆయన పేరు పక్కనే రాయాలని నేనంటా. ఆ మందు మోతాదు తెలిసింది ఆమె కండ్లు పోగొట్టుకొని.

అదే అట్రోపిన్ ఇయ్యాల పిల్లల కండ్లకు మేలు చేస్తుందేమోనని పరిశోధనలు నడుస్తున్నాయి. సింగపూర్‌లో, హాంకాంగ్‌లో హ్రస్వదృష్టి ఉన్న పిల్లలకు రాత్రిపూట అతి పలుచని చుక్కలు వేసి చూశారు. 0.01 శాతం నుంచి 0.05 శాతం దాకా పరీక్షిస్తే, హాంకాంగ్ పరిశోధనలో 0.05 శాతమే అద్దం నంబరు పెరగడాన్ని ఎక్కువగా తగ్గించింది. ఉన్న అద్దాలు తీసెయ్యమని కాదు, నంబరు పెరిగే వేగం తగ్గుతుందని. కంటి డాక్టర్‌ను అడిగే పని ఇది. స్కోపొలమిన్ పట్టీని చెవి వెనక అతికిస్తే ప్రయాణంలో వాంతులు ఆగుతాయి. దిగులు జబ్బుకు పనికొస్తుందని 2006లో ఆశ పుట్టింది గానీ, తర్వాతి పరీక్షల్లో కొన్ని దానికి సాక్ష్యమియ్యలేదు.

మన దిక్కుకు అన్నిటికన్నా దగ్గరి ముచ్చట ఇంకోటుంది. పత్తికీ కందికీ కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లకు దవాఖానలో ముందుగా ఎక్కించేది అట్రోపినే. ఆ విషం ఎసిటైల్‌కోలిన్ కట్టలు తెంచుకునేలా చేస్తుంది, అట్రోపిన్ దానికి అడ్డుకట్ట వేస్తుంది. సూదిలో ఉందని ఇంట్లో ఆకు రసం పోస్తే రెండు విషాలై కూర్చుంటాయి, జాగ్రత్త.

పిల్లగాడు ఉమ్మెత్త ముండ్ల కాయ గింజలు నమిలాడని అనుమానమొస్తే కక్కించే పని పెట్టుకోకు. మజ్జిగ, నిమ్మరసమంటూ ఆగకు. వెంటనే 108కు ఫోన్ చెయ్యి, నమిలిన కాయనో కొమ్మనో సంచిలో వేసుకొని పో. డాక్టర్‌కు చూపిస్తే సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.