పెట్రోమాక్స్ లైట్లు

కలిగిరి

చిరంజీవి అబ్బాయికి,

మీ పెదనాన్న ఆశీర్వదించి రాసేది. మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట ఇంకా మనసులో మెదుల్తానే ఉంది. "పన్నులు కడుతున్నాం, ప్రభుత్వం ఉంది. ఊరి ఆస్పత్రికి మళ్ళీ మనం ఇవ్వడమెందుకు?" అన్నావు. ఫోన్లో తేలే మాట కాదని ఊరుకున్నా.

మీ నాయనమ్మను పాము కరిచినప్పటికి నువ్వింకా పుట్టలేదు. ట్రాక్టర్లో పడుకోబెట్టి తీసుకుపోయాం. ఆస్పత్రిలో మందుంది, కరెంటు లేదు. నేను టార్చి పట్టుకుంటే నర్సమ్మ నరం వెతికి సెలైన్ ఎక్కించింది. వెలుతురు తగ్గేకొద్దీ నా చేతులు వణికిపోయాయి. అమ్మ బతికింది. ఆ ఏడు పొగాకు బేళ్ళు వేలంలో పోగానే మీ తాత రెండు పెట్రోమాక్స్ లైట్లు కొని ఆ ఆస్పత్రిలో ఇచ్చొచ్చాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇచ్చేవాళ్ళలో చాలామంది ఇట్లాంటి ఒక రాత్రిని దాటొచ్చినవాళ్ళే నాయనా. జీతాలూ మందులూ ప్రభుత్వమే ఇవ్వాల, దాన్ని అడగడం మానొద్దు. కానీ ఇన్వర్టర్ బ్యాటరీ పోయిన రోజుకీ కొత్తది మంజూరయ్యే రోజుకీ నడుమ కాన్పులు ఆగవు కదా.

ఇట్లా చెయ్యి కలపడం మన జిల్లాకు కొత్త కాదు. నెల్లూరు పెద్దాస్పత్రిని దొడ్ల సుబ్బారెడ్డి పేరుతోనే పిలుచుకున్నాం. రెడ్‌క్రాస్ వాళ్ళ రక్తనిధికి, క్యాన్సర్ ఆస్పత్రికి జనం చెయ్యి కలిపారు. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారి తమ్ముడు రామచంద్రారెడ్డి డాక్టరు ప్రజా వైద్యశాలలో పేదలకు తక్కువ ఖర్చుతో వైద్యం చేశాడు, పల్లెల్లో సూది మందు వేసేందుకు కుర్రాళ్ళను తయారుచేశాడు. జనం ఆయన్ని రాం డాక్టరనే పిలిచారు.

ఇప్పుడు మన మెట్టకు కావాల్సింది వేరే. ఉదయగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతీ, కిడ్నీ జబ్బుల సంగతీ నీకు తెలుసు. కిడ్నీలు పోయినవాళ్ళకు సాధారణంగా వారానికి మూడుసార్లు, పూటకు నాలుగ్గంటలు డయాలసిస్ చెయ్యాల. ఒక్కసారికి సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్ళు పడతాయి. సీతారామపురం మనిషి అందుకోసం నెల్లూరు దాకా పోతే ఆ రోజు కూలి పోయినట్టే, తోడుపోయిన భార్య కూలి కూడా. డయాలసిస్ మంచం దగ్గర్లో ఉంటే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నీ డబ్బుకు అంత పని ఉంది.

ఒక్క సంగతి గట్టిగా చెప్తా. ఫ్యాన్లు, బల్లలు అందరూ ఇస్తారు, వాటిమీద పేరు రాయించుకోవచ్చు గనక. నీళ్ళ యంత్రం ఫిల్టర్లకు, ఇన్వర్టర్ బ్యాటరీలకు, పాత మిషన్ బాగుచేయించడానికి ఎవరూ ముందుకు రారు. నువ్వు వాటికివ్వు. నెలనెలా కొంచెమైనా సరే. పెద్ద మిషన్ కొనిస్తానని మాటిచ్చే ముందు దాన్ని నడిపే టెక్నీషియన్ ఉన్నాడా అని అడుగు, లేకపోతే దుప్పటి కప్పుకుని మూలన పడుంటుంది. ఏం కావాలో హెడ్ నర్సమ్మను అడుగు. డబ్బు చేతికివ్వొద్దు, ఆస్పత్రి అభివృద్ధి సంఘం పేరున చెక్కిచ్చి రసీదు తీసుకో. లెక్క అడగడానికి మొహమాటపడొద్దు.

సంక్రాంతికి వస్తావు కదా. ఒకరోజు పొద్దున్నే నాతో రా. ఆస్పత్రిలో ఓపీ చీటీలు రాసేచోట ఇద్దరం కాసేపు కూర్చుందాం. ఆ రోజుకు చెక్కుబుక్కు ఇంట్లోనే పెట్టు.

మీ పెదనాన్న